డీఎన్‌ఏ కిట్ కంటే ముందు చేయించాల్సిన రక్తపరీక్ష

అమెరికా నుంచి అక్క, ఉమ్మి తీసి పంపితే జన్యువులు చూసి చెప్పే డీఎన్‌ఏ కిట్ పంపిస్తానంటోంది, అమ్మానాన్నలకి చేయించనా అని అడిగారు. జన్యు పరీక్ష గొప్పదే. ఆ కిట్ మాత్రం వద్దంటాను.

గుంటూరులో మా చిన్నాన్నకి అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. గంటలో వార్డుకి తెస్తామన్నవాళ్లు రాత్రయినా తేలేదు. సొంతంగా ఊపిరి తీసుకోవట్లేదని వెంటిలేటర్ మీదే ఉంచారు. పిన్ని ఒకటే ఏడుపు. అప్పుడొచ్చిన పెద్ద మత్తు డాక్టరుగారి మొదటి ప్రశ్న, “అమ్మా, మీరు వైశ్యులా?” అవునంది. “అయితే భయపడకండి. ఆపరేషన్‌కి కండరాలు సడలించడానికిచ్చే స్కోలిన్ మందు ఆయన ఒంట్లో కరగట్లేదు, అది దిగాక ఊపిరి అదే వస్తుంది” అన్నారు. తెల్లవారుజామున వచ్చింది. నర్సుల మాటలన్నీ వినపడ్డాయట, కనురెప్ప ఎత్తడానికి మాత్రం చిన్నాన్న వల్ల కాలేదట. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కొద్ది నిమిషాల్లో ఆ మందుని కరిగించాల్సిన ఎంజైమ్ సూడోకోలినెస్టరేజ్. దాని లోపం మా వైశ్యుల్లో మిగతావాళ్ల కంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలోని తంగరాజ్ గారు, హార్వర్డ్ జన్యుశాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందాలు 2017లో రాసిన పేపర్లో ఉంది. తరతరాలుగా మాలో మేమే పిల్లనిచ్చి పుచ్చుకున్న ఫలితం.

డాలస్‌లో ఉన్న మా బావ ఉమ్మి పంపి తెప్పించుకున్న రిపోర్టులో చెవి గులిమి తడిదో పొడిదో రాశారు, కొత్తిమీర సబ్బులా అనిపిస్తుందో లేదో రాశారు. ఈ ఎంజైమ్ లోపం ఊసే లేదు. వాళ్లు వెతికేవి ఎక్కువగా అక్కడి జనంలో దొరికినవే. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఈ కిట్లమ్మే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీకి అనుమతిచ్చిన రొమ్ము క్యాన్సర్ పరీక్ష, ఆ క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ జన్యువుల్లో 3 మార్పులే చూసేది, అవీ యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా ఉండేవి. ఆ జన్యువుల్లో ప్రమాదకరమైన మార్పులు 1000కి పైనే ఉన్నాయి! ‘లేదు’ అన్న కాగితం చూసి మన ఆడవాళ్లు నిశ్చింతగా ఉండిపోతే ఏంగాను? పైగా 2023లో అదే కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025లో దివాలాకి వెళ్లింది.

ఇక్కడ మాత్రం తక్కువా? పిల్లాడికి లెక్కలొస్తాయో క్రికెట్ వస్తుందో జన్యువుల్లో చూస్తామని వేలకు వేలు గుంజుతున్నారు.

మా ఇంట్లో అందరం సూడోకోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించుకున్నాం. మేనత్తకీ తక్కువుందని తేలింది. వంశంలో క్యాన్సరో తలసీమియానో ఉంటే హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జెనెటిక్స్ విభాగానికి వెళ్లండి, కిట్‌కి కాదు. మీరూ వైశ్యులైతే, ఆపరేషన్ అనగానే మత్తు డాక్టరుకి మీరే చెప్పేయండి. కులం అడిగితే ఏమనుకుంటారోనని కుర్ర డాక్టర్లు మొహమాటపడుతున్నారు. ముందే తెలిస్తే రోక్యురోనియం లాంటి వేరే మందు వాడతారు.