ఈపీఏబీఎక్స్ పని తెలిసిన అబ్బాయి సిప్ ట్రంకుల వైపు వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ డిప్లొమా చేసి, రెండేళ్లుగా విజయవాడలో ఆఫీసులకు, ఆస్పత్రులకు ఈపీఏబీఎక్స్‌లు (లోపలి ఫోన్లను బయటి లైన్లతో కలిపే ఎక్స్ఛేంజ్‌లు) బిగించే సంస్థలో పనిచేస్తున్నాడు. ఇప్పుడు ఆ సంస్థ వాడిని సిప్ ట్రంకులు (డేటా లైను మీద ఫోన్ కాల్స్ తెచ్చే కనెక్షన్లు), వాటి భద్రత చూసే విభాగానికి మారమంటోంది. టెలిఫోన్ల కాలమే పోతోంది కదా, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించడం మేలేమో అనిపిస్తోంది. మీ సలహా ఏమిటి?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: ఇళ్లలో ల్యాండ్‌లైన్లు కనుమరుగయ్యాయి కాబట్టి మీకు ఈ సందేహం రావడం సహజమే. అయితే ఆస్పత్రికి, బ్యాంకుకు, ఫ్యాక్టరీకి ఒకే నంబరు మీద పదుల కాల్స్ అందుకోవలసిన అవసరం ఇంకా ఉంది. మారినదల్లా ఆ కాల్స్ వచ్చే దారి. నిన్నటి వరకు టెలిఫోన్ కంపెనీ నుంచి పీఆర్ఐ అనే డిజిటల్ లైను నేరుగా ఈపీఏబీఎక్స్‌లోకి వచ్చేది, ఒక్కో లైను మీద ఒకేసారి 30 కాల్స్ నడిచేవి. సిప్ ట్రంకులో అవే కాల్స్ డేటా ప్యాకెట్లుగా వస్తాయి. బ్రిటన్‌లోనైతే పాత టెలిఫోన్ నెట్‌వర్క్‌ను 2027 జనవరి నాటికి పూర్తిగా మూసివేయాలని గడువే పెట్టుకున్నారు. మీ అబ్బాయిని సంస్థ పంపుతున్నది ఈ మార్పు జరుగుతున్న చోటికే కాబట్టి వెళ్లనివ్వమనే నా సలహా.

ఈ పనికి విలువ ఎందుకుందో మీకు తెలియాలి. పీఆర్ఐ లైను ఇంటర్నెట్‌కు తగిలి ఉండదు కాబట్టి దొంగ దాన్ని ఇంటర్నెట్ నుంచి నేరుగా వెతికి పట్టుకోలేడు. సిప్ కోసం ఆఫీసులోని ఎక్స్ఛేంజ్‌ను జాగ్రత్త లేకుండా ఇంటర్నెట్‌కు తగిలిస్తే, ఎక్కడో కూర్చున్న వాళ్ల ప్రోగ్రాములు సిప్ సాధారణంగా వాడే 5060 పోర్టును (నెట్‌వర్క్ ద్వారాన్ని) వెతికి పట్టుకుని, 100, 101, 102 అంటూ ఎక్స్‌టెన్షన్ నంబర్లను, వాటి పాస్‌వర్డులను వరుసగా ప్రయత్నిస్తాయి. ఎక్స్‌టెన్షన్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టిన ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కటి దొరికితే చాలు, శనివారం రాత్రి ఆఫీసు మూసి ఉండగా నిమిషానికి భారీగా వసూలు చేసే విదేశీ నంబర్లకు కాల్స్ మొదలవుతాయి, ఆ వసూలులో వాటా దొంగలకు చేరుతుంది. సోమవారం తలుపులు తెరిచేసరికి బిల్లు యజమాని పేరు మీద సిద్ధంగా ఉంటుంది, ఎందుకంటే కాల్స్ నిజంగా ఆయన ఎక్స్ఛేంజ్ నుంచే వెళ్లాయి.

దీన్ని అడ్డుకోవడానికి ఎక్స్ఛేంజ్‌కూ బయటి నెట్‌వర్క్‌కూ మధ్య సెషన్ బోర్డర్ కంట్రోలర్, అంటే ఎస్‌బీసీ, పెడతారు. అది బయటి నుంచి వచ్చిన కాల్‌ను తన దగ్గరే ముగించి, లోపలి వైపుకు వేరే కాల్‌గా మొదలుపెడుతుంది. కాబట్టి లోపలి చిరునామాలు బయటికి కనిపించవు. టెలిఫోన్ కంపెనీ చిరునామా నుంచి వచ్చిన సంకేతాలను (కాల్‌ను కలిపే, ముగించే సందేశాలను) మాత్రమే అంగీకరించడం, ఒకేసారి ఇన్ని కాల్స్ మించకూడదని హద్దు పెట్టడం కూడా దాని పనులే. మామూలు ఫైర్‌వాల్ చాలదా అంటే, సిప్ సందేశం లోపల కూడా చిరునామాలు రాసి ఉంటాయి. పైపై చిరునామాను మాత్రమే మార్చే పరికరం వల్ల ఒకవైపు మాట మాత్రమే వినిపించడం ఈ రంగంలో రోజూ ఎదురయ్యే ఫిర్యాదు. ఇంకో పొరపాటు కొంత అనుభవం ఉన్నవాళ్లు కూడా చేస్తారు: సంకేతాలకు టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవలేకుండా చేసే తాళం) పెట్టి, ఇక అంతా భద్రమనుకుంటారు. మాట వేరే దారిలో వెళుతుంది. దానికి ఎస్‌ఆర్‌టీపీ (మాటకు వేసే అలాంటి తాళం) పెట్టకపోతే, దారి మధ్యలో ప్యాకెట్లు పట్టుకోగలిగినవాడు సంభాషణను తిరిగి వినగలడు. అలాగే, ఎస్‌ఆర్‌టీపీ తాళంచెవిని చాలాచోట్ల సంకేతంలోనే పంపుతారు కాబట్టి, సంకేతం బహిరంగంగా వెళితే ఆ తాళం వేసినా వేయనట్టే. రెండూ కలిసి ఉండాలి.

ఇక్కడే మీ అబ్బాయికి ఉన్న రెండేళ్ల అనుభవం పనికివస్తుంది. నెట్‌వర్క్ చదివినవాళ్లకు ఫైర్‌వాల్ తెలుసు గాని, ఆస్పత్రి రిసెప్షన్ కాల్ రాత్రిపూట ఏ వార్డుకు మళ్లాలో, ఏ ఎక్స్‌టెన్షన్‌కు ఐఎస్‌డీ అవసరమే లేదో సాధారణంగా తెలియదు. అతనికి అది తెలుసు. లోటు ఐపీ చిరునామాలు, రూటింగ్, లినక్స్, డిజిటల్ సర్టిఫికెట్లలో ఉంటుంది. ముందు సీసీఎన్ఏ (సిస్కో సంస్థ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) స్థాయి నెట్‌వర్కింగ్ గట్టిగా నేర్చుకోవాలి. ఆ తర్వాత 1999 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఆస్టరిస్క్ అనే ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్‌ను పాత ల్యాప్‌టాప్‌లో వేసుకుని, రెండు మొబైళ్లలో లిన్‌ఫోన్ అనే సిప్ ఫోన్ యాప్ పెట్టి, ఇంట్లోనే కాల్స్ నడిపించవచ్చు. ఒక కాల్‌ను ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్‌లో, కాల్‌ను మొదలుపెట్టే ఇన్వైట్ సందేశం నుంచి ముగించే బై వరకు పంక్తి పంక్తిగా చదవగలిగిన రోజు అతను ఈ పనికి సిద్ధమైనట్టు. సాధన అంతా సొంత నెట్‌వర్క్‌లోనే జరగాలి, ఇతరుల ఎక్స్ఛేంజ్‌లను పరీక్షించబోకూడదు.

ఒక హెచ్చరిక తప్పకుండా చెప్పాలి. ఈ విద్య వచ్చిన కుర్రాళ్లను అద్దె గదిలో సిమ్ బాక్సు (చాలా సిమ్ కార్డులు పట్టే పరికరం) పెట్టించి, విదేశీ ఇంటర్నెట్ కాల్స్‌ను దొంగదారిన స్థానిక కాల్స్‌గా మళ్లించే ముఠాలు మంచి జీతం ఆశ చూపి పిలుస్తాయి. అనుమతి లేకుండా టెలికాం సేవలు నడిపితే 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ సంగతి మీరే అతనితో మాట్లాడండి.

కష్టాలు లేవని అనను. పాత లైను నుంచి కొత్త ట్రంకుకు మార్చే పని ఎక్కువగా రాత్రుళ్లే ఉంటుంది, మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంత ఉండకపోవచ్చు. ఆఫీసులు ఫోన్లను క్లౌడ్‌కు మారుస్తున్నాయి కదా అంటారేమో. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌ను సొంత టెలిఫోన్ ట్రంకుతో కలిపే డైరెక్ట్ రూటింగ్ పద్ధతికీ ఎస్‌బీసీ తప్పనిసరే.

ఒప్పుకునే ముందు సంస్థను ఒక్క విషయం అడగమనండి: కొత్త విభాగంలో అతను ఎస్‌బీసీని స్వయంగా కాన్ఫిగర్ చేస్తాడా, లేక పెట్టెలు మోసి కేబుళ్లు మాత్రమే లాగుతాడా? మొదటిదైతే కోర్సు ఫీజుకు దాచిన డబ్బు అలాగే ఉంచండి. రెండోదైతే ఆరు నెలల్లో కాన్ఫిగరేషన్ పని అప్పగిస్తామని వారి చేత రాయించుకున్న తర్వాతే మారమనండి.