టైల్స్ పని శిక్షణకు అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఆరేళ్లుగా ఒక మేస్త్రీ దగ్గర టైల్స్ పనిలో హెల్పర్‌గా ఉన్నాను. 3 నెలల ఫ్లోరింగ్ శిక్షణలో చేరాలని ఉంది. ఫీజు నా 60 రోజుల కూలీతో సమానం. దాచుకున్నది 70 రోజుల కూలీ. ఇంటి ఖర్చులకు అప్పు చేసైనా చేరమంటారా?

జవాబు: శిక్షణ తీసుకోండి. అప్పు మాత్రం వద్దు.

మీరు ఫీజు ఒక్కటే రాశారు. పగటి కోర్సయితే నెలకు 25 చొప్పున 75 పనిదినాలు పోతాయి. కట్టర్, రసమట్టం, పళ్ల తాపీలు, మోకాలి ప్యాడ్లు కొనడానికి ఇంకో 25 రోజుల కూలీ అనుకుందాం. ఫీజుతో కలిపి మొత్తం 160 రోజుల కూలీ. కోర్సయ్యాక కూలీ 30 శాతం పెరిగితే నెలకు అదనంగా చేతికొచ్చేది ఏడున్నర రోజుల కూలీ. పెట్టింది రాబట్టడానికి 21 నెలలు దాటుతుంది, వడ్డీ తోడైతే ఇంకా సాగుతుంది. అదే కోర్సు సాయంత్రాలో సెలవు రోజుల్లోనో దొరికి 15 పనిదినాలే పోతే ఖర్చు 100కి దిగుతుంది. పదమూడు, పద్నాలుగు నెలల్లో తేరుకుంటారు. 30 శాతం నేను వేసుకున్న అంకె. మీకు పని ఇచ్చే ఇద్దరు ముగ్గురిని అడిగి అసలు అంకె వేసి చూడండి.

ఇంత ఖర్చు ఎందుకు పెట్టమంటున్నానంటే, ఈ పనిలో లాభాన్ని తినేసేది తిరిగి చేయాల్సి రావడం. తట్టి చూస్తే డొల్లగా మోగిన టైల్‌ను పగలగొట్టాలి, గమ్ గీకాలి, కొత్తది తేవాలి, ఆ రోజు కూలీ వదులుకోవాలి. సొంతంగా పని ఒప్పుకున్నప్పుడు ఆ నష్టమంతా మీదే. మేస్త్రీని చూసి చేయి తిరుగుతుంది, నిజమే. కానీ అమెరికా ప్రమాణాల్లో టైల్ వెనక గమ్ పొడి గదుల్లో కనీసం 80 శాతం, తడి తగిలే చోట 95 శాతం అంటుకోవాలని ఎందుకు పెట్టారో, 15 అంగుళాలకు మించిన టైల్ కింద నేల 10 అడుగుల పొడవులో అంగుళంలో ఎనిమిదో వంతు కంటే ఎక్కువ తేడా ఉండకూడదని ఎందుకంటారో ఎవరైనా కూర్చోబెట్టి చెబితేనే తెలుస్తుంది. శిక్షణ విలువకు ఒక ఉదాహరణ: జర్మనీ 2004లో సొంతంగా టైల్స్ పని పెట్టుకోవడానికి మాస్టర్ అర్హత (పై స్థాయి పరీక్ష) తప్పనిసరన్న నిబంధన తీసేసి, 2020లో మళ్లీ పెట్టింది.

ఇంకో ఖర్చు మీ లెక్కలో లేదు, నాకు అన్నిటికంటే దిగులు దాని గురించే. రోజంతా మోకాళ్ల మీద పని. మంచి ప్యాడ్లకు వెనకాడకండి. పొడిగా కోసినప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా దెబ్బతీస్తుంది. నీళ్లతో కోయండి, సరైన మాస్క్ పెట్టుకోండి. పని చేయలేని రోజుల్లో ఆదాయం ఇచ్చే ప్రమాద బీమా కూడా ఈ ఏడాదే తీసుకోండి.

ఆ 70 రోజుల కూలీని ఫీజుకు ముట్టుకోవద్దు. అది ఇంటికి ఆసరా. ఫీజుకూ పనిముట్లకూ నెలకు 6 రోజుల కూలీ చొప్పున విడిగా దాస్తే 14 నెలల్లో 84 అవుతుంది. మిగిలిన ఒక్క రోజు కూలీ ఎలాగో సర్దుకోవచ్చు. ఈలోగా శిక్షణ కేంద్రానికి వెళ్లి, విద్యార్థి తన చేత్తో ఎన్ని గదుల నేల వేస్తాడో అడగండి. నిరుడు నేర్చుకున్న ఇద్దరితో మాట్లాడించమనండి. మాట దాటేస్తే ఇంకో చోటు వెతకండి.