హైదరాబాద్ ఆఫర్: ఇప్పుడే చేరాలా, ఏప్రిల్ దాకా ఆగాలా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. బీకాం చదివి, ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో అకౌంటెంట్‌గా చేస్తున్నాను. ఏప్రిల్ మొదటి వారానికి ఐదేళ్లు నిండుతాయి. చేతికి 22 వేలు వస్తుంది, అందులో బేసిక్, డీఏ కలిపి 15,600. హైదరాబాద్‌లో ఒక ఆడిట్ సంస్థ జీఎస్టీ పనికి ఏడాదికి 4 లక్షల ప్యాకేజీ ఇస్తామంటోంది. ఫిబ్రవరి 1న చేరాలట. అమ్మ ఉన్న ఊరు వదిలి పోవద్దంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లమనే నా సలహా. కానీ జీతం కోసమైతే వద్దు, వీలైనంతవరకు ఫిబ్రవరిలో వద్దు.

ముందు జీతం సంగతి. 4 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 33,300. మామూలుగా కంపెనీ కట్టే పీఎఫ్ వాటానూ ప్యాకేజీలోనే కలుపుతారు. పీఎఫ్‌కు 15 వేల జీతం పరిమితి మీద లెక్కేసినా మీ వాటా, కంపెనీ వాటా కలిపి 3,600, వృత్తి పన్ను 200 పోతాయి. చేతికొచ్చేది 29,500. హాస్టల్, తిండి, బస్సు, నెలకు రెండుసార్లు ఇంటికి రాకపోకలు కలిపి 11 వేలు వేసుకోండి. మిగిలేది 18,500. ఇప్పుడు అమ్మ చేతి అన్నం తింటూ అంతకంటే ఎక్కువే మిగుల్చుకుంటున్నారు కదా! కాబట్టి మొదటి ఏడాది ఈ మార్పు మీకు నష్టమే. ఆ నష్టానికి ఒప్పుకోవాలంటే అక్కడ పని గట్టిదై ఉండాలి.

నాకు మీమీద నమ్మకం కలిగింది కూడా పని విషయంలోనే. రైతు దగ్గర పత్తి కొన్నప్పుడు 5 శాతం జీఎస్టీ రైతు కట్టడు. కొన్న మిల్లే రివర్స్ ఛార్జ్ కింద కట్టి, తర్వాత తను కట్టాల్సిన పన్నులో దాన్ని క్రెడిట్‌గా తగ్గించుకుంటుంది. ఈ లెక్క తప్పి నోటీసులు అందుకునే వ్యాపారులు ఎందరో. మీరు ప్రతి సీజన్‌లోనూ ఇది మీ చేత్తో చేశారు. ఆ సంస్థకు కావాల్సింది ఇదే అయితే, రెండేళ్లలో పది రకాల వ్యాపారాల ఫైళ్లు చూస్తారు. మిల్లులో ఇంకో పదేళ్లున్నా అవే బిల్లులు. అందుకే వాళ్లకు ఫోన్ చేసి సూటిగా అడగండి: "నోటీసులకు జవాబులు, వార్షిక రిటర్నులు నేను చూస్తానా, లేక ఎంట్రీలు కొట్టడమేనా? నా పైన ఎవరుంటారు?" జవాబు నీళ్లు నమిలినట్టుంటే అక్కడితో ఆపేయండి.

ఇక ఏప్రిల్ ఎందుకంటే, ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే డబ్బు, వస్తుంది. 15,600ను 26తో భాగించి, 15తో, ఆపై 5తో గుణిస్తే 45 వేలు. ఐదో ఏడు 240 రోజులు పనిచేస్తే చాలని కోర్టు తీర్పులు ఉన్నమాట నిజమే. కానీ మిల్లు ఓనరు కాదంటే మీరు లేబర్ ఆఫీసు చుట్టూ తిరగాలి. రెండు నెలలు ఆగితే ఆ గొడవే ఉండదు. పైగా మార్చి క్లోజింగ్ ముందు మధ్యలో వదిలేసి వెళ్తే వరంగల్ లాంటి ఊళ్లో మాట పడుతుంది. రేపు కొత్తవాళ్లు మీ గురించి అడిగేది ఆ ఓనరునే. పీఎఫ్ డబ్బు మాత్రం తీసుకోకండి, అదే యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) మీద కొత్త సంస్థకు ట్రాన్స్‌ఫర్ పెట్టండి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, ఈ ఐదేళ్లూ అందులో కలుస్తాయి.

ఏప్రిల్ మధ్యలో చేరతానని వాళ్లకు మెయిల్ రాయండి. జీఎస్టీ వార్షిక రిటర్నుల గడువు డిసెంబర్ 31తో అయిపోయింది కాబట్టి, నిజంగా మీరే కావాలనుకుంటే ఆగడం వాళ్లకు పెద్ద కష్టం కాదు. కుదరదంటే? పని మీద స్పష్టమైన మాట, చేతిలో ఆఫర్ లెటర్ రెండూ ఉంటే ఆ 45 వేల కోసం అవకాశం వదులుకోవద్దు. అప్పుడు కూడా నోటీసు పీరియడ్ పూర్తిచేసి, లెక్కలు అప్పజెప్పి, రిలీవింగ్ లెటర్ తీసుకునే కదలండి. గ్రాట్యుటీకి దరఖాస్తు పెట్టడం మరవద్దు, ఆ తీర్పులు పనికొచ్చేది అప్పుడే. ఎంట్రీల పనే అని తేలితే మాత్రం మిల్లులోనే ఉంటూ సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఇంటర్‌లో చేరండి. డిగ్రీ ఉంది కాబట్టి ఫౌండేషన్ రాయక్కర్లేదు.

అమ్మతో వాదించకండి. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ రెండున్నర గంటలు. చేరే ముందు ఒక ఆదివారం ఆవిడను తీసుకెళ్లి, మీరుండబోయే హాస్టల్, ఆఫీసు ఉన్న వీధి చూపించండి.