సొంత ప్రాక్టీస్‌కు ఏ ఉద్యోగం పునాది అవుతుంది?

ప్రశ్న: నా వయసు 26. అకౌంటింగ్ వృత్తి పరీక్షల చివరి దశలో ఉన్నాను. నాకు మూడు ఉద్యోగావకాశాలు వచ్చాయి. ఒకటి పేరున్న పెద్ద ఆడిట్ సంస్థలో, రెండోది ఇద్దరు భాగస్వాములు నడుపుతున్న చిన్న సంస్థలో, మూడోది ఒక తయారీ కంపెనీ ఫైనాన్స్ విభాగంలో. జీతం మూడోదానిలో ఎక్కువ, రెండోదానిలో తక్కువ. పదేళ్లలోపు సొంతంగా ప్రాక్టీస్ పెట్టాలని నా కోరిక. పెద్ద సంస్థ పేరు వెనుక ఉంటే క్లయింట్లు వాళ్లంతట వాళ్లే వస్తారని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నేను ఏది ఎంచుకోవాలి? ఆడిట్‌లో స్థిరపడాలా, పన్నుల వైపు వెళ్లాలా?

జవాబు: మూడు ఉద్యోగాల గురించి వివరంగా రాశారు గానీ, పెట్టబోయే ప్రాక్టీస్ ఎలాంటిదో మీ లేఖలో ఒక్క మాట కూడా లేదు. ముందు తేల్చుకోవలసింది అదే. పదేళ్ల తర్వాత మీ దగ్గరికి వచ్చేది చిన్న వ్యాపారాల యజమానులా, పన్ను నోటీసు చేతపట్టుకుని వచ్చే వ్యక్తులా, ఆడిట్ తప్పనిసరి అయిన కంపెనీలా అన్నది ఖాయమైతే, ఏ అర్హత కావాలో, ఏ పని ముందుగా చేతికి అలవాటు కావాలో దానినిబట్టి తెలుస్తుంది.

పద్దులు రాసిపెట్టడం, జీతాల లెక్కలు చూడడం వంటి పనులకు చాలా దేశాల్లో లైసెన్సు అక్కర లేదు. చట్టం కోరే ఆడిట్ నివేదిక మీద సంతకం చేయడానికి మాత్రం దాదాపు అన్నిచోట్లా కావాలి. పన్నుల పని ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, దాని నిబంధనలు దేశానికో తీరుగా ఉంటాయి. ఉదాహరణకు అమెరికాలో సీపీఏలు (అక్కడ లైసెన్సు పొందిన అకౌంటెంట్లు), న్యాయవాదులే కాక, పన్నుల శాఖ నిర్ణయించిన మూడు భాగాల పరీక్ష నెగ్గిన ఎన్‌రోల్డ్ ఏజెంట్లు కూడా ఆ శాఖ ముందు క్లయింటు తరఫున హాజరు కావచ్చు; ఆడిట్ నివేదిక ఇచ్చే అధికారం మాత్రం వారికి ఆ అర్హతతో రాదు.

చాలామంది ఆలస్యంగా తెలుసుకునే సంగతి ఇంకొకటి ఉంది. పరీక్షలు పాసై వృత్తి సంస్థలో సభ్యత్వం పొందడం వేరు, ప్రజలకు సేవలందించేందుకు ప్రాక్టీస్ సర్టిఫికెట్ పొందడం వేరు. భారత్‌లో 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ఈ రెంటినీ వేర్వేరుగా చూస్తుంది. బ్రిటన్ కేంద్రంగా పనిచేసే అకౌంటెంట్ల వృత్తి సంస్థ ఏసీసీఏ అయితే, సర్టిఫికెట్ కోరేవారు ప్రాక్టీస్ సంస్థలో పర్యవేక్షణ కింద మూడేళ్లు పనిచేసి ఉండాలంటుంది. ఇలాంటి నిబంధన ఉన్నచోట కంపెనీ ఫైనాన్స్ విభాగంలో గడిపిన కాలం ప్రాక్టీస్ అనుభవంగా లెక్కకు రాదు. మీ వృత్తి సంస్థ నియమం ఏమిటో ఉద్యోగం ఒప్పుకోక ముందే చదవండి. ఎక్కువ జీతమిచ్చే మూడో ఉద్యోగాన్ని నేను పక్కన పెట్టమనడానికి మొదటి కారణం ఇది. రెండో కారణం, అక్కడ ఎన్నేళ్లు పనిచేసినా మీకు ఉండే క్లయింటు ఒక్కరే, ఆ కంపెనీ. బడ్జెట్లు, ఉత్పత్తి వ్యయం, నగదు ప్రణాళిక వంటి విషయాలు అక్కడ బాగా పట్టుబడతాయి, తర్వాత సలహా సేవలకు అవి పనికొస్తాయి కూడా. కాని ఫీజు మాట్లాడుకోవడం, ఆ ఫీజు వసూలు చేసుకోవడం, గడువు తేదీకి రెండు రోజుల ముందు సగం కాగితాలతో వచ్చిన మనిషికి నచ్చజెప్పడం అక్కడ అలవాటు కావు.

ఇక మిగిలినవి పెద్ద సంస్థ, చిన్న సంస్థ. పెద్ద సంస్థలో క్రమశిక్షణ గట్టిగా పడుతుంది. ప్రతి అంకె వెనుక ఆధారం ఉండాలని, పైవారు అడిగిన ప్రతి ప్రశ్నకు ఫైల్లోనే సమాధానం దొరకాలని అక్కడ మొదటి సంవత్సరంలోనే వంటబడుతుంది. అయితే అక్కడ ఒక్కొక్కరికి పనిలో ఒక ముక్కే దక్కుతుంది. మొదటి రెండు మూడేళ్లు ఒక పెద్ద కంపెనీలో సరుకు నిల్వలనో, రావలసిన బాకీలనో చూస్తూ గడిపిన వారికి, ఆ క్లయింటును సంస్థ ఎందుకు ఒప్పుకుందో, ఫీజు ఎలా నిర్ణయించిందో తెలిసే అవకాశం తక్కువ. చిన్న సంస్థలో ఒకే క్లయింటు పద్దులు, పన్ను రిటర్ను, నోటీసుకు జవాబు, చివరికి బిల్లు కూడా మీ చేతి మీదుగానే వెళ్లవచ్చు. సొంత ప్రాక్టీస్ అంటే ఈ మొత్తం పనే కనుక నా ఓటు చిన్న సంస్థకే.

కాని ఏ చిన్న సంస్థ అయినా సరేననడం లేదు. అక్కడ మంచి అలవాట్లు ఎంత తొందరగా వస్తాయో చెడ్డవీ అంతే తొందరగా వస్తాయి. ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగే ముందు మూడు సంగతులు కనుక్కోండి: మీరు చేసిన పనిని ఎవరు తిరిగి చూస్తారు, క్లయింటుతో జరిగే సమావేశాలకు భాగస్వాములు సిబ్బందిని వెంట తీసుకెళ్తారా, ప్రతి పనికీ ముందుగా ఒప్పంద లేఖ రాసుకుంటారా. అంతర్జాతీయ ఆడిట్ ప్రమాణాల ప్రకారం ఆడిట్ ఫైలును నివేదిక తేదీ నుంచి సాధారణంగా 60 రోజుల్లోపు పూర్తిగా కూర్చి, ఆ తేదీ నుంచి కనీసం ఐదేళ్లు భద్రపరచాలి. నిరుటి ఫైలు ఎక్కడుందో వెంటనే చెప్పలేని సంస్థలో చేరకపోవడమే మేలు. అలాంటిది తప్ప మరో చిన్న సంస్థ దొరకకపోతే పెద్ద సంస్థలో చేరండి. ఇతరుల పనిని తనిఖీ చేసే స్థాయి వరకు ఉండి, ఒకే రంగానికి, ఒకే రకం ఖాతాలకు కట్టుబడిపోక ముందే చిన్న సంస్థకు మారండి.

ఇంట్లోవారి మాటలో సగమే నిజం. పెద్ద సంస్థ పేరు మరో ఉద్యోగం తెచ్చిపెట్టగలదు, బ్యాంకు అధికారి ముందు మీ మాటకు కాస్త విలువ పెంచగలదు. క్లయింట్ల సంగతి వేరు. ఆ సంస్థను చూసి వచ్చే భారీ కంపెనీలు ఒంటరిగా ప్రాక్టీస్ చేసే వ్యక్తి దగ్గరికి రావు. చిన్న వ్యాపారి తన తోటి వ్యాపారి చెప్తేనో, తన వకీలు చెప్తేనో వస్తాడు. ఫోను ఎత్తి, అర్థమయ్యే మాటల్లో జవాబు చెప్పేవారి దగ్గర నిలుస్తాడు. మీరు పనిచేసిన సంస్థ క్లయింట్లను వెంట తెచ్చుకోవాలన్న ఆలోచన ఉంటే, ఉద్యోగ ఒప్పందంలో దానిపై నిషేధం ఉందేమో సంతకం చేయక ముందే చూడండి. నిషేధం లేకపోయినా, ఒకరి క్లయింటును మరొకరు తీసుకునేటప్పుడు, క్లయింటు అనుమతితో పాత అకౌంటెంటును సంప్రదించి, ఆ పని వద్దనుకోవడానికి తగిన కారణమేదైనా ఉందేమో తెలుసుకోవడం ఈ వృత్తి మర్యాద.

ఆడిటా, పన్నులా అన్నదానికి నా సమాధానం: ఆడిట్ నేర్చుకోండి, ప్రాక్టీస్‌ను మాత్రం పన్నులు, పద్దుల మీద నిలబెట్టండి. పన్నుల క్లయింటు ఏటా తిరిగి వస్తాడు, మధ్యలో వచ్చిన సందేహాలే సలహా పనిగా మారతాయి. ఆడిట్‌కు స్వతంత్రత షరతులు ఉంటాయి. ఎవరి పద్దులు మీరే రాస్తారో వారినే ఆడిట్ చేస్తే మీ పనిని మీరే తనిఖీ చేసుకున్నట్లవుతుంది కనుక, అకౌంటెంట్ల అంతర్జాతీయ నైతిక నియమావళి దానిపై గట్టి పరిమితులు పెట్టింది. స్వతంత్రత దెబ్బతింటే ఏమవుతుందో ఒక ఉదాహరణ: తన ఆడిటరైన ఆర్థర్ ఆండర్సన్ సంస్థకు అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ 2000లో ఆడిట్ కోసం 2.5 కోట్ల డాలర్లు, ఇతర సేవల కోసం 2.7 కోట్ల డాలర్లు చెల్లించింది. 2001 డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసింది, మరుసటి సంవత్సరమే ఆండర్సన్ ఆడిట్ లైసెన్సులు వదులుకుంది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఎన్రాన్ పత్రాల ధ్వంసం కేసులో ఆండర్సన్‌ను దోషిగా తేల్చిన తీర్పును కొట్టేసే నాటికి ఆ సంస్థలో మిగిలింది చాలా తక్కువ.

అంత పెద్ద సంస్థల గొడవ మనకెందుకని మీరు అనుకోవచ్చు. ఒక్కరే నడిపే ప్రాక్టీస్‌లో ఈ ఇబ్బంది ఇంకా త్వరగా వస్తుంది. లిస్టెడ్ కంపెనీల వంటివి కాని ఒక ఆడిట్ క్లయింటు ఇచ్చే ఫీజు వరుసగా ఐదేళ్లు మీ మొత్తం ఫీజులో 30 శాతం దాటితే, అదే నియమావళి అదనపు జాగ్రత్తలు కోరుతుంది. ముగ్గురు నలుగురు క్లయింట్లతో మొదలైన వారికి 30 శాతం దాటడం ఎంతసేపు! దీనికి తోడు, 2022 డిసెంబరు 15 నుంచి అమలులోకి వచ్చిన ఐఎస్‌క్యూఎం 1 అనే అంతర్జాతీయ నాణ్యత నిర్వహణ ప్రమాణం, ఆడిట్లు, రివ్యూలు (ఆడిట్ కన్నా పరిమితమైన తనిఖీలు) చేసే ప్రతి సంస్థకూ, అందులో పనిచేసేది ఒక్కరే అయినా, నాణ్యతను కాపాడే వ్యవస్థ రాతపూర్వకంగా ఉండాలంటుంది. ఏడాదికి రెండు ఆడిట్ల కోసం ఆ వ్యవస్థనంతా మోయడం లాభసాటి కాదు. చేస్తే తగినన్ని చేయాలి, లేదా వదిలేయాలి.

డబ్బు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. ఏడాదికి 2,000 గంటలు పనిచేస్తారనుకుందాం. కొత్త నిబంధనలు చదవడానికి, క్లయింట్లను వెతకడానికి, బిల్లులు పంపి బాకీలు అడగడానికి సగం పోతే, ఫీజు తెచ్చేవి 1,000 గంటలే. మీకు కావలసిన ఆదాయానికి అద్దె, సాఫ్ట్‌వేర్, వృత్తిపరమైన బీమా ఖర్చులు కలిపి ఆ 1,000తో భాగిస్తే గంటకు వచ్చే రేటు మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. మొదట్లో చాలామంది ఆ రేటు అడగడానికి మొహమాటపడతారు, ఆ మొహమాటానికి రెండో ఏడు బ్యాంకు ఖాతా జవాబు చెప్పుకోవలసి వస్తుంది. పన్నుల పని గడువుల చుట్టూ పోగుపడుతుంది కనుక నెలనెలా రాబడి ఒకేలా ఉండదు. ఇంటి ఖర్చుకు ఒక ఏడాది సరిపడా సొమ్ము చేతిలో ఉంచుకోకుండా ఉద్యోగం వదలవద్దని నా సలహా.

ప్రశ్న: ఒక కంపెనీలో పదిహేనేళ్లుగా అకౌంట్స్ మేనేజరుగా ఉన్నాను. వృత్తి అర్హత పరీక్షలేవీ రాయలేదు. ఇప్పుడు సొంతంగా మొదలుపెట్టగలనా?

జవాబు: మొదలుపెట్టగలరు, అయితే ఆడిట్ మీద ఆశ పెట్టుకోకండి. నెలవారీ పద్దులు, జీతాల లెక్కలు, నగదు ప్రవాహ అంచనాలు, పూర్తికాలపు ఫైనాన్స్ అధికారిని పెట్టుకోలేని కంపెనీలకు నెలకు కొన్ని రోజులు ఆ బాధ్యత చూడడం, ఇవన్నీ మీ అనుభవానికి సరిపోయే పనులు. పన్ను రిటర్నులు వేసిపెట్టడానికి మీ దేశంలో నమోదు అవసరమేమో చూసుకోండి. చార్టర్డ్ అకౌంటెంట్, సీపీఏ వంటి బిరుదులకు చట్టరక్షణ ఉంటుంది. విజిటింగ్ కార్డు మీద వాటిని తలపించే మాట కూడా వాడవద్దు.

ప్రశ్న: త్వరలో విశ్రాంతి తీసుకోబోతున్న ఒక పెద్దాయన తన ప్రాక్టీస్‌ను నాకు అమ్ముతానంటున్నారు. సున్నా నుంచి మొదలుపెట్టడం కన్నా ఇది మేలా?

జవాబు: క్లయింట్లు ఆయనను చూసి వస్తున్నారా, పని తీరును చూసి వస్తున్నారా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఇలాంటి అమ్మకాల్లో ఏటా తిరిగి వచ్చే ఫీజును బట్టి ధర కట్టడం మామూలే. కాని ఒక్కసారి వచ్చి పోయిన పనులను కూడా అందులో కలిపి చూపిస్తారు కనుక, గత మూడేళ్ల బిల్లులు, వాటిలో వసూలైన మొత్తాలు రెండూ అడగండి. క్లయింట్ల వివరాలు గోప్యమైనవి. వారు ఒప్పుకోకముందు పేర్లు తీసేసిన జాబితానే మీకు చూపాలి. పేర్లతో సహా ఫైళ్లన్నీ మొదటి రోజే మీ ముందు పెడితే, ఆయన రేపు మీ గురించీ అలాగే మాట్లాడతారని అనుకోవచ్చు. ధర మొత్తం ఒకేసారి ఇవ్వకండి. కొంత ముందు ఇచ్చి, మిగిలింది ఒకటి రెండేళ్ల తర్వాత కూడా మీతో ఉన్న క్లయింట్ల ఫీజును బట్టి చెల్లించేలా ఒప్పందం రాసుకోండి. ఒక పూర్తి రిటర్నుల కాలం ఆయన మీ పక్కన కూర్చుని, క్లయింట్లను స్వయంగా పరిచయం చేయాలని కూడా అందులోనే రాయించండి. దానికి ఆయన ఒప్పుకోకపోతే ధర తగ్గించమనండి.