జ్ఞానదంతం తీయడానికి మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు, ఆగవచ్చా?

మీ తమ్ముడికి కింది జ్ఞానదంతం అడ్డంగా మొలిచిందని, తిరుపతిలోని ఒక దంత వైద్య కళాశాలలో మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారని, అంతవరకు ఆగాలా, బయట తీయించాలా అని అడిగారు. పోయిన ఏడాది మా అమ్మను ఇదే పని మీద చిత్తూరు నుంచి నాలుగుసార్లు తీసుకెళ్లాను. మొదటి ఓపీ చీటీ నుంచి పన్ను తీసేదాకా ఇరవై ఆరు రోజులు పట్టింది. ఆ రోజులన్నీ ఆసుపత్రి ఖాతాలో వేయలేను.

మొదటి వారం చిగురు వాపుకే పోయింది. చీము ఉన్నచోట మత్తు సూది సరిగా పనిచేయదు, నోరూ పూర్తిగా తెరుచుకోదు. అందుకే ముందు మందులిచ్చి వాపు తగ్గిస్తారు. బయట డాక్టరు దగ్గరికి వెళ్లినా చాలావరకు ఇదే చెబుతారు. తర్వాతి రెండు వారాలు మాత్రం వరుస కోసమే. ఇలాంటి పళ్లను అక్కడ ఎక్కువగా పీజీ డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో తీస్తారు. చేయి తిరిగినవారికి అరగంట పట్టే పని, నేర్చుకుంటున్నవారికి గంట దాటుతుంది. సర్జరీ విభాగంలో కుర్చీలు కొన్నే కాబట్టి రోజుకు కొందరినే తీసుకుంటారు.

మిగిలిన రోజులు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. ఆపరేషన్ అన్నారు కదా అని అమ్మ ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఆమెకు షుగర్ ఉంది. తెల్లవారుజామున బస్సెక్కి డెబ్బై కిలోమీటర్లు వచ్చి, బెంచీ మీద కూర్చున్న కాసేపటికే నుదుట చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైంది. డాక్టరమ్మ చూసి వెంటనే చక్కెర నీళ్లు తాగించి, ఏదైనా తినిపించమని పంపారు. తిరిగి వచ్చేసరికి మా వంతు వేరేవాళ్లకు వెళ్లింది, మళ్లీ ఐదు రోజుల తర్వాత రమ్మన్నారు. చిగురుకు మత్తు సూది మాత్రమే ఇచ్చి తీసేటప్పుడు మామూలుగా టిఫిన్ తినే రావాలి, రోజూ వేసుకునే మాత్రల గురించి డాక్టరునే అడగాలి. ఈ ఒక్క మాట తేదీ రాసిచ్చినప్పుడే చెప్పి ఉండాల్సింది. మీ తమ్ముడి విషయంలో మీరే అడిగి రాయించుకోండి. రక్త పరీక్షలు ఏవి కావాలో, ఎన్నాళ్ల లోపు చేయించినవి చెల్లుతాయో కూడా.

ఆగడం వృథా అని మాత్రం నాకు అనిపించలేదు. పీజీ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఆనించి, పెన్సిల్ మొనతో రెండు సన్నని తెల్ల గీతలు చూపించారు. వాటి మధ్య నుంచి దవడ నరం వెళుతుందట. అమ్మ పన్ను వేరు సరిగ్గా పై గీతను తాకుతోంది. ఆ నరం దెబ్బతింటే కింది పెదవి, గడ్డం మొద్దుబారవచ్చు. అందుకే పన్నును రెండు ముక్కలు చేసి తీశారు. వేరు దగ్గరికి వచ్చేసరికి ఆ పీజీ అబ్బాయి ఆగి ప్రొఫెసర్ గారిని పిలిచాడు, ఆయన నాలుగైదు నిమిషాలు ఆ పని తానే చేశారు. వేరు నరానికి అంత దగ్గరగా ఉంటే, నేనైతే మరో రెండు వారాలైనా ఆగి అక్కడే తీయిస్తాను. వేరు నరానికి దూరంగా ఉండి, సెలవులు దొరకక ఇబ్బందైతే, అనుభవమున్న ఓరల్ సర్జన్ దగ్గర బయట తీయించుకోవడంలో తప్పు లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇచ్చిన తేదీని పట్టించుకోవద్దు. దవడ కింద వాపు పాకుతున్నా, నోరు రెండు వేళ్లు పట్టనంతగా బిగుసుకున్నా, జ్వరంతో పాటు మింగడం కష్టమైనా అదే రోజు వెళ్లండి. ఊపిరి ఆడకపోతే నేరుగా రుయా లాంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికే తీసుకెళ్లండి.

తీసిన తర్వాత రెండు మూడు రోజులు బుగ్గ బాగా వాస్తుంది, సుమారు వారానికి కుట్లు విప్పడానికి మళ్లీ రావాలి. తమ్ముడికి పరీక్షలుంటే ఆ ప్రయాణాన్ని కూడా లెక్కలో వేసుకుని తేదీ అడగండి. ఎవరైనా రాకపోతే ముందే పిలవమని విభాగంలో ఫోను నంబరు ఇచ్చి రండి. మా పక్కన కూర్చున్న పుత్తూరు పెద్దాయనకు అలాగే నాలుగు రోజులు ముందుగా వంతు దొరికింది.