సినిమా రిలీజయ్యాకే సర్టిఫికెట్ అంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయికి ఇరవై ఏళ్లు. ఎస్వీ యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ కాలేజీలో బీఏ మూడో సంవత్సరం, మాస్ కమ్యూనికేషన్ చదువుతోంది. ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ చేయాలన్నారు. ఇన్‌స్టాలో చూసి హైదరాబాద్‌లో ఒక సినిమా నిర్మాణ సంస్థతో మాట్లాడుకుంది. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో తీసుకుంటారట. స్టైపెండ్ లేదు, పైగా ట్రైనింగ్ ఫీజు రూ.30 వేలు కట్టాలట. తమ సర్టిఫికెట్ ఉంటే క్రెడిట్లు ఆటోమేటిక్‌గా పడతాయని చెప్పారట. పంపిన అగ్రిమెంట్‌లో మాత్రం సినిమా విడుదలయ్యాకే సర్టిఫికెట్ అని, మధ్యలో మానేస్తే రూ.2 లక్షలు కట్టాలని, మూడేళ్లు ఇంకో బ్యానర్‌లో పనిచేయకూడదని ఉంది. ఆమె రాసేవన్నీ కంపెనీవేనట. హామీదారుగా నన్ను కూడా సంతకం పెట్టమంటున్నారు. అమ్మాయి పట్టుదలగా ఉంది, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: ముందు క్రెడిట్ల సంగతి తేల్చుకుందాం. మీ అమ్మాయి చదువు ఆగకుండా ఉండాలంటే అదే ముఖ్యం. క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తికి లెక్కలోకి వచ్చే పాయింట్లు, ఇచ్చేది యూనివర్సిటీ. సినిమా కంపెనీ ఎంత పెద్దదైనా ఒక్క క్రెడిట్ కూడా వేయలేదు. విద్యార్థి ఖాతా ఉండే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో వాటిని జమ చేసేది కూడా విద్యాసంస్థే. కాబట్టి 'ఆటోమేటిక్‌గా పడతాయి' అన్న మాట తెలియక అన్నదైనా కావాలి, తెలిసి అన్నదైనా కావాలి. రెండూ మంచివి కావు.

మన రాష్ట్రంలో ఉన్నత విద్యామండలి డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. మీ అమ్మాయి ఇప్పుడున్నది ఆ చివరి దశలో. దీనికి కాలేజీ ఒక అధ్యాపకుణ్ని మెంటర్‌గా పెడుతుంది, కంపెనీ తరఫున ఒక సూపర్‌వైజర్ ఉంటారు. ఇద్దరూ మార్కులు వేయాలి, ఆపైన వైవా ఉంటుంది. సినిమా కంపెనీ అయితే కుదరదని ఎక్కడా లేదు. కోర్సుకు సంబంధం ఉండాలి, కాలేజీ ముందే ఒప్పుకోవాలి, అంతే. మాస్ కమ్యూనికేషన్ విద్యార్థికి డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ పనికి సంబంధం లేదని ఏ ప్రిన్సిపాలూ అనలేరు. అయినా నోటిమాట చాలదు. ఫలానా సంస్థలో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా అధ్యాపకుడు మెంటర్‌గా అనుమతిస్తున్నామని కాలేజీ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. ఆ కాగితం చేతికి రాకముందు అమ్మాయిని హైదరాబాద్ రైలు ఎక్కించకండి.

విద్యార్థులకు ఇచ్చే ఇంటర్న్‌షిప్ పుస్తకం మీరోసారి తెరిచి చూడండి. అందులో వారం వారం యాక్టివిటీ లాగ్ పేజీలు ఉంటాయి. ఒక గడిలో తేదీ, పక్కన ఆ రోజు చేసిన పని, ఆ పక్కన ఏం నేర్చుకుందో, చివరి గడిలో ఇన్‌చార్జి సంతకం. షూటింగ్ హడావుడిలో ఆ చివరి గడి ఖాళీగా ఉండిపోతుంది. 'నెలాఖరున ఒకేసారి పెడతాలే అమ్మా' అనే అసిస్టెంట్ డైరెక్టర్ నెలాఖరుకు ఇంకో సినిమాకు వెళ్లిపోయి ఉంటాడు. కాబట్టి వారానికోసారి సంతకం తీసుకోవాలి, అదే రోజు ఆ పేజీ ఫొటో తీసి మెంటర్‌కు మెయిల్ చేయాలి. రేపు కంపెనీ సర్టిఫికెట్ ఇవ్వకుండా మొండికేస్తే, ఆమె నిజంగా పనిచేసిందని కాలేజీ ముందు చూపడానికి చేతిలో ఉండేవి ఆ మెయిల్సే. ఇంకో మాట. జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్ అన్నది లెక్క. సెట్‌లో రోజుకు 14 గంటలు నిలబెట్టినా సిలబస్‌లో రాసిన క్రెడిట్లకు మించి ఒక్కటి కూడా రాదు. 'క్రెడిట్ల కోసమే కదా' అని రాత్రింబవళ్లు పని చేయిస్తే ఊరుకోనక్కర్లేదు.

ఇక అగ్రిమెంట్. సర్టిఫికెట్‌ను విడుదలకు ముడిపెట్టిన షరతు అన్నిటికంటే ప్రమాదం. మన దగ్గర షూటింగ్ పూర్తయి కూడా ఏళ్ల తరబడి డబ్బాల్లో ఉండిపోయిన సినిమాలకు లెక్క లేదు. విడుదల ఆగితే మీ అమ్మాయి సెమిస్టర్ ఆగుతుంది, డిగ్రీ ఆగుతుంది, పీజీ అడ్మిషన్ కూడా పోతుంది. ఆ వాక్యం కొట్టేయించి, 'ఇంటర్న్‌షిప్ ముగిసిన ఏడు రోజుల్లో సర్టిఫికెట్, మూల్యాంకన పత్రం ఇస్తాం' అని రాయించండి. కథ బయటికి పోతుందన్న భయంతో ఈ షరతు పెట్టామంటే, కథ, దృశ్యాలు బయటపెట్టనని రహస్య ఒప్పందం విడిగా రాయించుకోమనండి. అందులో తప్పు లేదు, అమ్మాయి సంతకం పెట్టవచ్చు.

మూడేళ్లు ఇంకో బ్యానర్‌లో పనిచేయకూడదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ముందు నిలవదు. ఇంటర్న్‌షిప్ నడిచినన్నాళ్లు వేరేచోట చేయకూడదంటే అది సబబే. అది ముగిశాక బతుకుతెరువును ఆపడం చెల్లదు. రూ.2 లక్షల విషయానికొస్తే, కాగితం మీద అంకె వేసినంత మాత్రాన అంతా వసూలు కాదు. సెక్షన్ 74 ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. జీతం ఇవ్వకపోగా ఫీజు తీసుకున్నవాళ్లు తమకు రూ.2 లక్షల నష్టం వచ్చిందని నమ్మించడం కష్టం. కానీ ఆ మాట నెగ్గించుకోవడానికి ఎక్కడికి తిరగాలో చూసుకోండి. అగ్రిమెంట్ చివర్లో 'హైదరాబాద్ కోర్టుల పరిధి మాత్రమే' అన్న వాక్యం ఉందేమో వెతకండి. ఇలాంటి అగ్రిమెంట్లలో అది దాదాపు ఉంటుంది. అక్కడి కోర్టుకూ పరిధి ఉన్నప్పుడు అలాంటి ఒప్పందం సాధారణంగా చెల్లుతుంది, తిరుపతి కోర్టులో కేసు వేసే వీలు పోతుంది.

రూ.30 వేలు కట్టవద్దు. ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్ రావాలంటే కంపెనీకి ఫీజు కట్టాలన్న నియమం లేదు. ఇప్పటికే కట్టి ఉంటే యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్, ఇన్‌స్టా ప్రకటన స్క్రీన్‌షాట్లు దాచండి. అవకాశం పేరుతో డబ్బు గుంజి మాయమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అవుతుంది. కంపెనీ నిజమైనదో కాదో కూడా చూసుకోండి. ప్రైవేట్ లిమిటెడ్ అంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొడితే చాలు. బ్యానర్ ఫిల్మ్ ఛాంబర్‌లో రిజిస్టర్ అయిందో లేదో అడగడం కూడా మొహమాటపడాల్సిన విషయం కాదు. స్టైపెండ్ గురించి ఒక్క మాట: 1961 అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే స్టైపెండ్ ఇచ్చి తీరాలి. ఊరికే 'ఇంటర్న్' అని తీసుకుంటే ఆ చట్టం వర్తించదు. ఇదే లొసుగుతో చాలామంది నెట్టుకొస్తున్నారు.

ఆమె రాసేవన్నీ కంపెనీవే అన్న షరతు గురించి. సెట్‌లో తీసిన ఫుటేజీ మీద, దాన్ని ఎడిట్ చేసినా సరే, హక్కు నిర్మాతదే. దాంట్లో వాదన లేదు. ఆమె సొంతంగా రాసుకున్న కథలు, స్క్రిప్టులు, గీసిన పోస్టర్లు వేరు. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ఉద్యోగంలోగాని, అప్రెంటిస్‌గా గాని చేసిన రచనను యజమానికి ఇస్తుంది. ఇంటికి వెళ్లి రాసుకున్నదాన్ని ఇవ్వదు. హక్కు బదిలీ కావాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఉండాలని సెక్షన్ 19 చెబుతోంది. మీకు పంపిన అగ్రిమెంట్ సరిగ్గా ఆ రాతే, అందుకే జాగ్రత్త. ఇప్పటికే ఆమె దగ్గరున్న కథల పేర్లు ఒక కాగితం మీద రాసి, 'ఇవి ఈ ఒప్పందంలోకి రావు' అని జతచేయించండి. టైటిల్స్‌లో పేరు వేస్తామని నోటితో చెప్పి ఉంటే అదీ రాయించండి. రాయకపోతే తర్వాత అడిగినా ప్రయోజనం ఉండదు.

మీరు అడగలేదు గాని, ఆడపిల్ల తండ్రిగా మీ మనసులో ఉన్నది కూడా చెబుతాను. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013, జీతం లేని ట్రైనీకి కూడా వర్తిస్తుంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. ప్రతి నిర్మాణ యూనిట్‌లోనూ కమిటీ ఉండాలని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు వెళ్లేముందే అడగండి. ఇవ్వలేకపోతే ఆ కంపెనీ తీరు అర్థమైనట్టే. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో మూడు నెలలు ఇస్తారు. కాలేజీలోని కమిటీకి కూడా చెప్పుకోవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేస్తే చాలు.

హైదరాబాదే వెళ్లాలని లేదు. తిరుపతిలోనే శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ ఉంది, ఆకాశవాణి కేంద్రం ఉంది. అక్కడ అవకాశం ఉందేమో కాలేజీ ద్వారా ఒక ఉత్తరం పెట్టించి చూడండి. అమ్మాయి 'అది సినిమా కాదు కదా' అంటుంది. అననివ్వండి, ఉత్తరం మాత్రం వెళ్లనివ్వండి.

చివరిది, మీ సంతకం. మీ అమ్మాయి మేజరు, ఆమె ఒప్పందానికి మీ సంతకంతో పనిలేదు. హామీదారుగా సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం మీ బాధ్యతా ఆమెతో సమానమే. కంపెనీ ఆమెను వదిలేసి నేరుగా మీ మీదే దావా వేయవచ్చు. ఆ రూ.2 లక్షల షరతు అలాగే ఉండగా హామీదారు సంతకం అస్సలు పెట్టకండి. తండ్రి సంతకం కావాల్సిందేనని పట్టుబడితే 'హామీదారు' అన్న మాట కొట్టేయించి, ఆ దిద్దుబాటు పక్కన ఇరువైపులా పొట్టి సంతకాలు తీసుకుని, సాక్షిగా పెట్టండి. సాక్షి సంతకంతో మీ మీద డబ్బు బాధ్యత పడదు.