బాదం గోళ్లు వద్దు, బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, మన బుజ్జి ఏం చేస్తోందో విన్నావా? హాలోవీన్ అంట, పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకునే అమెరికా పండగంట, ఇంటికి 22 మంది పిల్లల్ని పిలిచిందంట. తెగిన వేళ్లు, కనుగుడ్లు, దెయ్యాలు, అన్నీ ఇంట్లోనే వండుతుందంట. దీపావళి రోజుల్లో ఇవేం పనులు? నువ్వైనా చెప్పు" అంది. చెప్తానన్నాను. అయితే మీ అమ్మ చెప్పమన్నది వేరు, నేను చెప్పేది వేరు.

నాకు చాలా సంతోషంగా ఉందమ్మా. డాలస్ వచ్చి ఏడాది కాలేదు, పోయిన సంక్రాంతికి అరిసెల పాకం కుదరలేదని ఫోన్‌లో ఏడ్చిన పిల్లవి, ఈరోజు పాప స్నేహితులందరికీ నీ చేత్తో చేసి పెడతానంటున్నావు. కొనేస్తే అయిపోయేదానికి కూర్చుని చేస్తానన్నావు చూడు, అది మీ అమ్మమ్మ పోలిక.

మీ అమ్మ బెంగ నేను తీరుస్తాలే. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి, అక్టోబర్ 31న. న్యూజెర్సీలో మా ఎడిసన్ ఇంటి మెట్ల మీద ముగ్గు వేసి ప్రమిదలు పెట్టాను, పక్కనే చెక్కిన గుమ్మడికాయ, దాని కడుపులోనూ దీపమే. కొత్త ఇంటికి రాక్షసుడి ముఖం రాసి బూడిద గుమ్మడికాయ కట్టేవాళ్లం మనం, గుమ్మడికాయకి ముఖం పెట్టడం మనకి తెలియనిదా? ఆ మాటే చెప్తాను తనకి.

ఇక పని సంగతి. చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను.

చెక్కడానికి కొన్న పెద్ద గుమ్మడికాయతో స్వీటు చెయ్యకు, నీళ్లోడుతుంది, రుచి ఉండదు. వంటకి 'పై పంప్‌కిన్' అని అమ్మే చిన్న గుమ్మడికాయ గానీ డబ్బాలో దొరికే గుజ్జు గానీ వాడు. వైట్ చాక్లెట్ కరిగించేటప్పుడు నీటి చుక్క పడితే ముద్ద కట్టేస్తుంది, మామూలు ఫుడ్ కలర్ కలిపినా అంతే. చాక్లెట్‌కి నూనెలో కలిసే రంగులు వేరే ఉంటాయి, అవి కొను. నల్ల క్రీమ్ కావాలంటే తెల్ల క్రీమ్‌లో నల్లరంగు గుమ్మరించకు. చాక్లెట్ క్రీమ్‌తో మొదలుపెట్టి కొంచెం రంగు వేసి రాత్రంతా ఉంచు, తెల్లారేసరికి అదే ముదురుతుంది. నల్లరంగుకి కొందరు వేసే బొగ్గుపొడి, యాక్టివేటెడ్ చార్‌కోల్, మాత్రం వద్దు. అది మింగిన మందులని కూడా పీల్చేసుకుంటుంది, వచ్చిన పెద్దవాళ్లలో ఎవరు ఏ మాత్ర వేసుకుంటారో మనకేం తెలుసు.

గుడ్డు తెల్లసొనతో చేసే మెరాంగ్ దెయ్యాలు ముసురు పట్టిన రోజు చెయ్యకు, జిగురుగా అయిపోతాయి. 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంటన్నర, తర్వాత ఓవెన్ ఆపేసి తలుపు తెరవకుండా లోపలే ఆరనియ్యి. గుడ్డు తినని ఇళ్ల పిల్లలుంటారు కదా, వాళ్లకి కాబూలీ శనగల డబ్బాలో నీళ్లుంటాయే, వాటిని పంచదార వేసి గిలకొట్టు, అచ్చం తెల్లసొనలాగే నురుగు లేస్తుంది. ఓపిక కావాలంతే. అలాగే పురుగుల్లా ఉండే గమ్మీలు, మార్ష్‌మాలోలు చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీస్తారు. శాకాహారుల పిల్లలకి తెలియక పెట్టడం తప్పు. జెల్లీ నువ్వే చేస్తే చైనాగ్రాస్‌తో చెయ్యి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు మీ అమ్మకి పంపిన ఫొటో ఆవిడ నాకు పంపింది. మంత్రగత్తె వేళ్ల బిస్కెట్లు, చివర ఒక్కో బాదంపప్పు గోరు. ఆ ఫొటో చూశాక నాకు నిద్ర పట్టలేదు.

2007లో అవే బిస్కెట్లు నేనూ చేశాను. అప్పటికి మేము అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లం. మీ అన్నయ్యకి ఏడేళ్లు. కింద కమ్యూనిటీ హాల్లో పార్టీ, తలా ఒక వంటకం. నాది వేళ్లు. ఎదురింట్లో ఆరేళ్ల పాప ఉండేది. వాళ్లమ్మ నాకు ముందే చెప్పింది, దానికి నట్స్‌తో అలర్జీ అని. నేను తలూపాను. కానీ బుజ్జీ, నేను విన్నది "పడదు" అని. మన ఇళ్లలో వంకాయ పడదు, పెరుగు పడదు, గోంగూర తింటే దురద అంటాం కదా, ఆ పడకపోవడం అనుకున్నాను. మహా అయితే కడుపునొప్పి. కాబట్టి నేను చేసిన జాగ్రత్త ఏమిటో తెలుసా? ట్రేలోంచి ఆరు బిస్కెట్లు తీసి, వాటి గోళ్లు ఊడబీకి, ఆ గుంటల్లో ఎర్రటి జామ్ పెట్టి, వేరే పళ్లెంలో సర్దాను. పిండిలో బాదం ఎసెన్స్ పోసింది నేనే. పంచదార పొడి కొట్టింది పొద్దున్న బాదం కొట్టిన మిక్సీ జారులోనే. తేలిగ్గా గోళ్లు పీకేసి, ఆ పాప కోసం ప్రత్యేకంగా చేశానని వాళ్లమ్మకి చెప్పాను కూడా. ఆవిడ నన్ను నమ్మింది.

ఆ పాప మంత్రగత్తె వేషం వేసుకుంది. ముఖమంతా ఆకుపచ్చ రంగు, నల్ల టోపీ. రెండు బిస్కెట్లు తింది. పెదాల చుట్టూ జామ్. కాసేపటికి గొంతు బొంగురుపోయింది, దగ్గుతూ ఏదో చెప్తోంది. మేమందరం మంత్రగత్తెలా మాట్లాడుతోంది అనుకున్నాం. నవ్వాం. నేను చప్పట్లు కొట్టాను బుజ్జీ. "ఇంకోసారి, ఇంకోసారి" అన్నాను. ఆకుపచ్చ రంగు కింద దద్దుర్లు కనపడలేదు, జామ్ వల్ల పెదాలు వాచింది తెలియలేదు. కారులోంచి కెమెరా తేవడానికి వెళ్లిన వాళ్లమ్మ తలుపు తీసుకుని లోపలికి వస్తూనే, ఆ దగ్గు ఒక్కసారి విని, చేతిలో సంచి కింద పడేసి పరుగెత్తింది. నేను ఇంట్లో అలర్జీ సిరప్ ఉంది తెస్తానంటూ మెట్లెక్కబోయాను. ఆవిడ నావైపు చూడను కూడా లేదు. పర్సులోంచి ఎపిపెన్, అదే అలర్జీ ముదిరితే వెంటనే గుచ్చే ఇంజెక్షన్, తీసి, బట్టల మీద నుంచే తొడకి పక్కగా గుచ్చి పట్టుకుంది. ఎవరో ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేశారు. అంబులెన్స్ వచ్చేలోపే పాప ఊపిరి కాస్త తేలికైంది. అయినా ఆ రాత్రి హాస్పిటల్లోనే ఉంచారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుందట, అది ఆ రోజే తెలిసింది నాకు.

ఆ రాత్రి ఇంటికొచ్చి మిగిలిన వేళ్లన్నీ చెత్తలో వేశాను. చేతులకి ఇంకా బాదం ఎసెన్స్ వాసన. ఎన్నిసార్లు కడిగినా పోలేదనిపించింది. ఇప్పటికీ మా ఇంట్లో ఆ సీసా కొనను.

అందుకే చెప్తున్నాను, నువ్వు ఇంకా పిండి తడపకముందే 22 మంది తల్లిదండ్రులకీ విడివిడిగా మెసేజ్ పెట్టు. గ్రూపులో కాదు, గ్రూపులో అందరూ చూసి ఊరుకుంటారు. మీ పిల్లకి తిండితో ఏదైనా అలర్జీ ఉందా, ఇంజెక్షన్ వెంట తెస్తారా, తెస్తే అది ఎక్కడ పెడతారు, మీరు పార్టీ అయ్యేదాకా ఉంటారా. ఈ నాలుగూ అడుగు. జవాబు రానివాళ్లకి ఫోన్ చెయ్యి. మొహమాటపడకు. మనవాళ్లతో మాట్లాడేటప్పుడు "ఏమైనా పడదా" అని అడగకు, "అలర్జీ ఉందా, డాక్టర్ చెప్పారా" అని అడుగు. నేను ఒక్క మాట దగ్గర మోసపోయాను, నువ్వు పోకూడదు.

ఒక్క పిల్లకి ఉందన్నా, ఆ రోజుకి ఇంట్లో నట్స్, పల్లీలు ఉన్న స్వీటు ఏదీ చెయ్యకు. ఆ పిల్లకి వేరే పళ్లెం అనే ఆలోచనే వద్దు. పిల్లలు పళ్లేలు మార్చుకుంటారు, ఒకళ్ల చేతిది ఒకళ్లు తింటారు. ఈజిప్టు మమ్మీల్లాంటి బొమ్మల్లో న్యూటెల్లా పెడదామనుకున్నావట, అది హేజల్‌నట్స్‌తో చేసేదే. మన వంటింట్లో ఇంకో చిక్కుంది, ఇక్కడి వాళ్లకి లేనిది. మిక్సీ. పల్లీల పచ్చడి, నువ్వుల పొడి, కొబ్బరికారం, జీడిపప్పు ముద్ద, అన్నీ ఆ జారులోనే కదా. ఎంత కడిగినా బ్లేడు కింద రబ్బరు వాషర్ దగ్గర ఏదో ఒకటి ఉండిపోతుంది. అందుకని సమాధి మట్టిలా కనిపించే పొడి కోసం ఓరియో బిస్కెట్లు మిక్సీలో వెయ్యకు. జిప్‌లాక్ సంచిలో పోసి అప్పడాల కర్రతో దంచు, పాపకి ఇస్తే ఆనందంగా దంచుతుంది. అయితే కర్రని ముందు వేడినీళ్లు, సబ్బుతో బాగా రుద్దు. పంచదార పొడి ప్యాకెట్ కొను. నువ్వులు కూడా గుర్తుపెట్టుకో, 2023 జనవరి 1 నుంచి ఈ దేశంలో నువ్వులని కూడా పెద్ద అలర్జీల జాబితాలో తొమ్మిదోదిగా కలిపారు, ప్యాకెట్ల మీద తప్పకుండా రాయాలి.

వాడిన ప్రతి ప్యాకెట్ లేబుల్ దాచు, పార్టీ అయ్యేదాకా పడెయ్యకు. ముఖానికి రంగు వేసుకున్న పిల్లలు దగ్గినా, గొంతు మారినా, వాంతి చేసుకున్నా వేషం అనుకోకు. వెంటనే వాళ్లమ్మని పిలువు. ఇంజెక్షన్ ఉంటే అది ముందు, ఆ వెంటనే 911. సిరప్ దానికి బదులు కాదు.

ఇంకో భయం. నువ్వు పొగలొచ్చే డ్రింకు కోసం డ్రై ఐస్ తెస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. అది గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్ వాయువు, మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది తల్లీ, వట్టి చేత్తో ముట్టుకుంటే కాలినట్టే పొక్కుతుంది. పిల్లల గ్లాసుల్లో అస్సలు వెయ్యకు. డ్రింకు ఉన్న గిన్నెని ఇంకా పెద్ద గిన్నెలో పెట్టి, డ్రై ఐస్, గోరువెచ్చని నీళ్లు ఆ బయటి గిన్నెలోనే వెయ్యి. పొగ అలాగే వస్తుంది. మూత బిగించిన డబ్బాలో దాచకు, పేలుతుంది. కిటికీ తెరిచి ఉంచు, కారులో తెచ్చేటప్పుడు కూడా అద్దాలు దించు. ఇది మీ ఆయన పని అని ముందే చెప్పెయ్యి, నీకు ఆ రోజు చేతులు చాలవు.

కనుగుడ్లకి ద్రాక్షపళ్లు వాడితే ఐదేళ్లలోపు పిల్లలకి నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టు, గుండ్రంగా ఉన్నవి గొంతుకి అడ్డం పడతాయి. నన్నడిగితే ఇండియన్ స్టోర్ రసగుల్లా డబ్బా చాలు. పాకం పిండేసి, మధ్యలో చిన్న గుంట చేసి నల్ల జామూన్ ముక్క కూర్చు, చుట్టూ ఎర్రరంగుతో సన్నగా నరాలు గియ్యి. తెల్లగా, తడిగా, వేలితో నొక్కితే కదులుతూ ఉంటుంది. అంతకంటే భయంకరమైన కన్ను నేను చూడలేదు. పాలు పడని, సారీ, పాల అలర్జీ ఉన్న పిల్లలకి మాత్రం కాదు. చూశావా, ఇన్నేళ్లయినా ఆ మాట నా నోట్లోంచి పోలేదు.

హాలోవీన్ రాత్రి మిఠాయిల కోసం ఇంటింటికీ వచ్చి తలుపు తట్టే పిల్లల సంచుల్లో ఇంట్లో చేసినవి వెయ్యకు, తెలియని ఇంటివని తల్లులు పారేస్తారు. వాళ్లకి సీలు వేసిన చాక్లెట్లు చాలు. గుమ్మంలో ఒక చిన్న గుమ్మడికాయకి టీల్ రంగు, అదే నెమలికంఠం లాంటి రంగు, వేసి పెట్టు. 2014లో ఫేర్ అనే అలర్జీ సంస్థ దేశమంతా మొదలుపెట్టిన పద్ధతి అది. ఈ ఇంట్లో తిండి కాకుండా స్టిక్కర్లు, పెన్సిళ్లు లాంటివి కూడా ఉన్నాయని దానర్థం. ఆ రంగు చూసి గేటు దగ్గర ఆగే పిల్లలుంటారు, నేను చూశాను.

వేళ్లు చెయ్యడం మానెయ్యకు. బాదం లేకుండా ఎలాగో చెప్తాను. వెన్న, పంచదార పొడి, గుడ్డు, వెనిల్లా, మైదా, అంతే. పిండిని అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. నీ చిటికెన వేలికంటే సన్నగా చుట్టు, ఓవెన్‌లో ఉబ్బుతుంది. లావుగా చుడితే వేలు పోయి దొండకాయ అవుతుంది. రెండు చోట్ల కొంచెం నొక్కి సన్నం చెయ్యి, మధ్యలో కణుపు లేస్తుంది. కణుపు మీద చాకు వెనకవైపుతో మూడు గీతలు. చివర టీస్పూన్ కొసతో గోరు ఆకారంలో లోతుగా నొక్కు. 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 20 నిమిషాలు, అంచులు లేతగా రంగు తిరగ్గానే తియ్యి. చల్లారాక ఆ గుంటలో ఎర్ర జామ్ నింపు. విరిగిన గోరులా ఉంటుంది, బాదం కంటే ఇదే భయం వేస్తుంది.

ఈ పద్ధతి నాకు నేర్పింది ఆ పాప వాళ్లమ్మే. మరుసటి ఏడాది అక్టోబర్‌లో తనే మా తలుపు తట్టి, "ఈసారి కలిసి చేద్దాం" అంది. మా వంటింట్లో కూర్చుని మైదా సంచి దగ్గర్నుంచి ప్రతి లేబుల్ చదివింది. కొనేటప్పుడు ఒకసారి, ఇంటికి తెచ్చాక ఒకసారి, వాడే ముందు ఒకసారి చదవాలని అప్పుడే చెప్పింది. పాప నా పక్కనే స్టూల్ ఎక్కి నిలబడి గోళ్లు నొక్కింది. మొదటి వేలు చల్లారాక వాళ్లమ్మ ముఖం చూసింది, ఆవిడ సరేనంది. పాప కొరికింది. నేను అక్కడి నుంచి కదల్లేదు, చాలాసేపు దాని గొంతే వింటూ నిలబడ్డాను.

శనివారం పొద్దున్న పాప లేచాక వీడియో కాల్ చెయ్యి, ఒక చిన్న ట్రే ట్రయల్ వేద్దాం. ఈలోపు నువ్వు కొన్నవాటన్నిటి లేబుళ్లు ఫొటోలు తీసి నాకు పంపు. వెనకవైపు.

మీ పెద్దమ్మ